బాలచంద్రుడి బొంగరం, కాట్నిస్ బాణం

ముప్పాళ్ళ మండలంలో ఒక హైస్కూలు. అక్కడ ఇంగ్లీషు చెప్పే మేనకోడలు బడి గ్రంథాలయానికి కొనాల్సిన పుస్తకాల జాబితా రాసి, తెలుగు పండితుడిగా రిటైరైన మేనమామకు చూపించింది. పూర్వ విద్యార్థులు పోగుచేసిన డబ్బు అది. ఆయన సరేనంటే గానీ ఖర్చు కాదు. చందమామ కథల సంపుటాలు, జాషువా కావ్యాలు, రష్యన్ బాలల కథలు దాటుకుంటూ వచ్చిన ఆయన చూపు రెండు పేర్ల దగ్గర ఆగింది. సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’ మూడు భాగాలు, లోయిస్ లౌరీ ‘ది గివర్’. కొట్టేయడానికి పెన్ను మూత తీశారు. మాట అక్కడ మొదలైంది.

మేనమామ: ఈ హంగర్ గేమ్స్ ఏందమ్మాయ్? ఏటా ఇరవై నలుగురు పిల్లల్ని తెచ్చి బరిలోకి తోలతారంట, ఒక్కళ్ళు మిగిలేదాకా చంపుకోమంటారంట, దేశమంతా కూర్చుని టీవీలో చూస్తదంట. దాన్ని తెచ్చి ఏడో తరగతి పిల్ల చేతిలో పెడతావా?

మేనకోడలు: చదివారా మావయ్యా?

మేనమామ: నీ కొడుకు చెప్పాడు. సినిమా చూశాడు గదా. కంచం ముందు కూర్చుని కథ మొత్తం చెప్పాడు. పప్పు చల్లారిపోయిన సంగతి కూడా వాడికి తెలియదు. ఆ ఉత్సాహమే నాకు నచ్చలా.

మేనకోడలు: అంత చెప్పినవాడు ఎవరి గురించి ఎక్కువ చెప్పాడు?

మేనమామ: ఎవరో చిన్నపిల్ల. రూ అంట పేరు. ఆ పిల్ల చచ్చిపోతే కథానాయిక కాట్నిస్ చుట్టూ పూలు పేర్చిందని మళ్ళీ మళ్ళీ చెప్పాడు.

మేనకోడలు: రూకి పన్నెండేళ్ళు. వాడికీ అంతే. ఆ కథలో ఎంతోమంది చస్తారు. వాడి మనసు మాత్రం ఆ ఒక్క చావు దగ్గర ఆగిపోయింది. చంపడాన్ని ఆటగా చూసేవాడైతే అక్కడ ఆగుతాడా?

మేనమామ: ఒక్క పిల్లాణ్ణి చూసి తీర్పు చెప్పొద్దు. నేనేం భయపెట్టే కథలకు పగవాణ్ణి కాను. 1954లో చందమామలో మొదలైన ‘తోకచుక్క’ దగ్గర్నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళన్నీ పాత సంచికలు అడుక్కుని మరీ చదివినవాణ్ణి. రాక్షసులు, మాంత్రికులు, పాడుబడ్డ కోటలు. రాత్రిపూట దొడ్లోకి పోవాలంటే అమ్మను లేపేవాళ్ళం. కానీ ఆ భయానికో హద్దుంది. మాంత్రికుడు చస్తే రాజ్యం బాగుపడేది. నువ్వు తెస్తున్న పుస్తకాల్లో రాజ్యమే మాంత్రికుడు. ఇంక పిల్లలు ఎవరి దగ్గరికి పరిగెత్తాలి?

మేనకోడలు: రాజ్యమే మాంత్రికుడైన కాలం ఈ నేల చూడలేదా? అడవిలో గొడ్డు గడ్డి మేస్తే పన్ను కట్టాలన్నారు. పుల్లరి. కట్టేది లేదని నిలబడ్డ కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కాల్చి చంపారు. మీరే మాకు పాఠం చెప్పారు. గడ్డికి పన్ను, కట్టకపోతే తుపాకీ అని ఇవాళ ఎవరైనా నవల రాస్తే అతిగా ఉందంటాం.

మేనమామ: అదే నా మాట కూడా. జరిగింది కళ్ళముందు ఉండగా జరగనిదాన్ని కల్పించుకుని భయపడటం దేనికి? మన వినుకొండ వైపు నుంచే వచ్చిన జాషువా గారు 1941లో ‘గబ్బిలం’ రాశారు. ఆయనకు కొత్తగా ఒక పాడు దేశాన్ని కల్పించాల్సిన పని పడలా. ఉన్న దేశమే చాలింది. అది ఇవ్వు పిల్లలకి.

మేనకోడలు: జాబితా మొదటి పేజీలోనే ఉందిగా. జాషువా గారు ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తారు. వీళ్ళు ఉన్నవాటిలోంచి ఒక్క కట్టుబాటును పట్టుకుని, దాన్ని ఇలాగే పోనిస్తే ఎక్కడ తేలతామో చూపిస్తారు. రెండూ వేర్వేరు పనులు, రెండూ కావాలి. కాలిన్స్‌కు ఈ ఆలోచన ఎట్లా వచ్చిందో చెప్పనా? ఒక రాత్రి టీవీలో చానళ్ళు మారుస్తోంది. ఒకదాంట్లో కుర్రాళ్ళు పోటీపడే రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం. నిద్రమత్తులో రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయంట. ఆవిడ తండ్రి వైమానిక దళంలో పనిచేసి వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చినవాడు. దానికి తోడు గ్రీకుల పాత కథ ఒకటుంది. ఏథెన్స్ నగరం ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని క్రీటు ద్వీపానికి కప్పంగా పంపాలి. అక్కడ మినోటార్ అనే రాక్షసుడికి వాళ్ళు ఆహారం. 2008లో వచ్చిన మొదటి నవల వీటన్నిట్లోంచీ పుట్టింది.

మేనమామ: ఓస్, బకాసురుడి కథే గదా. ఏకచక్రపురంలో రోజుకో ఇంటి నుంచి బండెడు అన్నం, ఒక మనిషి.

మేనకోడలు: ఆ కథ మీరు మాకు ఎన్నో తరగతిలో చెప్పారు?

మేనమామ: ఆరో తరగతిలో. నువ్వేం అడగబోతున్నావో తెలుసు. అక్కడా మనుషుల్ని తినడమే. కానీ భీముడొస్తాడు, వాణ్ణి విరిచి పారేస్తాడు, కథ అయిపోద్ది. పిల్లలు హాయిగా నిద్రపోతారు.

మేనకోడలు: భీముడు రాకముందు ఆ ఊరు ఎన్నాళ్ళు వంతులేసుకుని బతికింది మావయ్యా? ఇవాళ ఏ ఇల్లు, రేపు ఏ ఇల్లు అని ఆ వరస ఎవరు రాశారు? ఎవరింటి వంతైనా దాటేశారా? వంతు రాని ఇంటివాళ్ళు ఆ పూట అన్నం ఎట్లా తిన్నారు? భీముడి సంబరంలో పడి మనం ఇవేవీ అడగలా. ఈ నవల అడుగుతున్నది అదే.

మేనమామ: ఎట్లా అడుగుద్ది?

మేనకోడలు: చీటీల లెక్కతో. పన్నెండేళ్ళు నిండితే ప్రతి పిల్ల పేరునా ఒక చీటీ. ఏడాదికొకటి చొప్పున పద్దెనిమిదేళ్ళ దాకా పెరుగుతూ పోతుంది. ఇంట్లో గింజలు లేవా, నీ పేరున ఇంకో చీటీ వేయించుకో, ఒక మనిషికి ఏడాదికి ధాన్యం, నూనె ఇస్తాం అంటారు. ఆ చీటీలు కూడా ఏటికేడు పోగవుతాయి. పదహారేళ్ళకు కాట్నిస్ పేరున ఇరవై చీటీలున్నాయి. స్నేహితుడు గేల్ పేరున నలభై రెండు. లాటరీ అందరికీ సమానమేనని చెబుతారు. లేనివాడి పేరు మాత్రం కుండలో నలభైసార్లు ఉంటుంది. నేను దీన్ని బోర్డు మీద లెక్కగా వేశాను. వెనక బెంచీలో కూర్చుని ఎప్పుడూ నోరు విప్పని పిల్లాడు, ‘మా నాయన మందుల కొట్లో రాయించుకున్నట్టే గదా టీచర్’ అన్నాడు.

మేనమామ: వాడే అన్నాడా?

మేనకోడలు: వాడే. మిరప విత్తనం అప్పు, పురుగుమందు అప్పు, కాయ ఆ కొట్టాయన చెప్పిన చోటికే తోలాలి, చెప్పిన రేటుకే ఇవ్వాలి. నేనొక్క ముక్క వివరించలా.

మేనమామ: పిల్లాడు గట్టివాడు. అయితే ఆ మాట చెప్పించడానికి అమెరికా నవలే కావాలా? అప్పు లెక్క నేరుగా చెబితే చాలదా?

మేనకోడలు: మీ ఇంట్లో అప్పెంత అని తరగతిలో అడిగితే వాడు తల ఎత్తుతాడా? లేని దేశం పేరు పెట్టి అడిగాను కాబట్టే ఉన్న ఇంటి సంగతి చెప్పాడు. కల్పన చేసే ఉపకారం అదే.

మేనమామ: ఉపకారమే అనుకో. మరి మన భాషలోనే వచ్చిన కల్పన ఏం చేసింది? 2024 జూన్‌లో కల్కి సినిమా వచ్చింది. కాశీ ఎండిపోయింది, గంగలో చుక్క లేదు, నీళ్ళూ పచ్చదనమూ అన్నీ పైన కాంప్లెక్సులో. నీ కొడుకుని, వాడి జట్టుని అడిగా, ఏం నచ్చిందిరా అని. అందరిదీ ఒకటే జవాబు. కారు. అంతకుముందు 1991లో ఆదిత్య 369కి నిన్ను నేనే తీసుకెళ్ళా. 2504లో భూమ్మీద బతకలేక జనం కిందికి చేరి ఉంటారు. నీకేం గుర్తుంది అందులో?

మేనకోడలు: రాయలవారి సభ.

మేనమామ: చూశావా మరి.

మేనకోడలు: అప్పుడు నన్నెవరూ ఆపి అడగలేదు కాబట్టి. సినిమా ఆగదు మావయ్యా, మనం ఆలోచించేలోపు ఇంకో ఫైటు వస్తుంది. కల్కిలో కథానాయకుడు భైరవ కోరికేంటో గమనించారా? కాంప్లెక్సును పడగొట్టడం కాదు. పది లక్షల యూనిట్లు కూడబెట్టి అందులోకి దూరడం.

మేనమామ: ఎందుకు గమనించలా? ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఉన్న కోరికే గదా అది. ఒకడికి హైదరాబాదు కాంప్లెక్సు, ఒకడికి అమెరికా కాంప్లెక్సు. అందుకే హాల్లో ఎవడికీ అది తప్పుగా తోచలా.

మేనకోడలు: పుస్తకమైతే ఆ పేజీ దగ్గర మూసి, ఇతను కోరుకుంటున్నది ఏంట్రా అని అడగొచ్చు. సాగర్ కుడి కాలువ మీద పైవాడు తూము ఎత్తుకుంటే చివరి చేలకు ఏమవుతుందో ఈ పిల్లలకు తెలుసు. నీళ్ళన్నీ పైనే ఎందుకు ఆగాయని అడిగితే, నాకంటే వాళ్ళే బాగా చెబుతారు.

మేనమామ: సరే, ఇది పక్కన పెట్టు. ఈ రెండోది, గివర్. ఇందులో ఎవరు ఎవర్ని చంపుతారు?

మేనకోడలు: తండ్రి పసిబిడ్డను.

మేనమామ: రామ రామ.

మేనకోడలు: వినండి. 1993లో వచ్చింది. అందులో ఆకలి లేదు, యుద్ధం లేదు, గొంతు పెంచి మాట్లాడేవాళ్ళు లేరు. రంగులు కూడా లేవు, జనానికి కనబడవు. అందరూ ఒకేలా ఉండాలని ఎప్పుడో ఒప్పుకున్నారు. పాత జ్ఞాపకాల బరువంతా ఒక్క ముసలాయన మోస్తుంటాడు. పిల్లలకు పన్నెండేళ్ళు రాగానే సభ పెట్టి, నువ్వు ఫలానా పని చెయ్యాలని పెద్దలు తేల్చేస్తారు. కథానాయకుడు జోనస్. వాడి తండ్రి చంటిపిల్లల్ని చూసుకునే ఉద్యోగి. మంచివాడు, ముద్దుగా మాట్లాడతాడు. కవలలు పుడితే బరువు తక్కువున్న బిడ్డకు సూది వేసి, పెట్టెలో పెట్టి, టాటా చెప్పి పంపించేస్తాడు. అది తప్పని ఆయనకు తెలియదు. జోనస్ ఒక రికార్డింగులో దాన్ని చూస్తాడు.

మేనమామ: దుర్మార్గుడు లేడా కథలో?

మేనకోడలు: లేడు. అదే దాని గొప్పతనం. అందరూ మంచివాళ్ళే, అందరూ పద్ధతి ప్రకారమే నడుస్తారు. ఏడో తరగతిలోనే ఎంపీసీయా బైపీసీయా అని తేల్చేసి, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా పుస్తకం ముందు కూర్చోబెట్టే హాస్టల్లో వేసే తల్లిదండ్రులు చెడ్డవాళ్ళా? ప్రేమ ఉండబట్టే వేస్తున్నారు. ఆ ప్రేమలోంచి ఏ పద్ధతి తయారైందో వాళ్ళకు కనబడదు. లోపలున్న పిల్లకు కనబడుతుంది, చెప్పడానికి మాట దొరకదు.

మేనమామ: ఇక్కడ నువ్వు నాకు దొరికావు. ఆ పిల్లకు మాట ఇచ్చావే అనుకో. సాయంత్రం ఆ పిల్ల వెళ్ళాల్సింది ఆ ఇంటికే. నాన్నను అనుమానించడం నేర్పావు. ఆయన హాస్టల్లో వేస్తాను, పెళ్ళి చేస్తాను అంటే ఎదురు నిలబడే బలం నువ్విస్తావా? పుస్తకం ఇచ్చినంత తేలిగ్గా ఆసరా ఇవ్వలేం. మర్నాడు ఆ తండ్రి బడికొచ్చి, ఏందమ్మా ఈ పుస్తకాలని అడిగితే?

మేనకోడలు: అమెరికాలోనూ అడిగారు. గివర్‌కు 1994లో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. ఏళ్ళ తరబడి దాన్ని బడుల్లోంచి తీసేయమని ఫిర్యాదులూ వచ్చాయి. హంగర్ గేమ్స్ కూడా అంతే, 2010లో, 2011లో అక్కడి గ్రంథాలయ సంఘం వేసిన పది పేర్ల జాబితాలో ఉంది. ఎక్కువ ఫిర్యాదులొచ్చిన పుస్తకాల జాబితా అది. ఆ తండ్రి వస్తే రమ్మనండి, కూర్చోబెట్టి ఆయనకూ కథ చెబుతాను. ఇంకోమాట మావయ్యా. అనుమానం నేను నేర్పక్కర్లేదు, ఆ పిల్ల దగ్గర ముందే ఉంది. తనొక్కదానికే ఇట్లా అనిపిస్తోందన్న బెంగ పోతుంది, అంతవరకే నేను చేయగలిగింది. ఆసరా సంగతి మీరన్నది నిజమే, అది పుస్తకంతో తీరేది కాదు.

మేనమామ: అయితే నా అసలు మాట విను. చీకటి గురించి కాదు, నాన్నల గురించి కూడా కాదు. ఈ హంగర్ గేమ్స్ చదివే ప్రతివాడూ తనను ఎవరనుకుంటాడు?

మేనకోడలు: కాట్నిస్ అనుకుంటాడు.

మేనమామ: ఆఁ. బాణం పట్టుకున్న అమాయకురాలు. అన్యాయం ఎప్పుడూ అవతలిదే. ఇది పల్నాడు తల్లీ. ఇక్కడ ఏ పార్టీవాణ్ణి కదిలించినా తనే కాట్నిస్. 2024 మే 13న ఓట్లు పడ్డాయి. ఆ తర్వాత జిల్లాలో 144 సెక్షన్ పెట్టేదాకా పోయింది. కొట్లు మూసేశారు. కర్రలు పట్టుకుని బయటికొచ్చిన ఇటు కుర్రాళ్ళనడుగు, అటు కుర్రాళ్ళనడుగు. ‘మేం ఎదురు తిరిగాం’ అంటారు. మేం మొదలెట్టాం అన్నవాడు ఒక్కడు దొరకడు. ఇట్లాంటి చోట తిరుగుబాటు కథలు తెచ్చి పంచుతానంటావు.

మేనకోడలు: థాయిలాండులో 2014లో సైన్యం ప్రభుత్వాన్ని లాగేసుకుంటే కుర్రాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆ సినిమాలోలాగా మూడు వేళ్ళెత్తి నిలబడ్డారు. ఎత్తినవాళ్ళను పట్టుకుపోతుంటే కూడా ఎత్తారు. 2021లో బర్మా వీధుల్లోనూ అదే. ఆ చేతుల్లో కర్రలు లేవు.

మేనమామ: వాళ్ళ ఎదురుగా ఉన్నది సైన్యం. మన ఊళ్ళల్లో ఎదురుగా ఉండేది ఎవరు? పక్కింటోడు. వాడి పిల్లా మన పిల్లా ఒకే బెంచీలో కూర్చుంటారు. పరిశోధనలు నాకూ తెలుసు, మనవడు ఫోన్లో చూపించాడు. కాల్వర్ట్ జోన్స్, సీలియా పారిస్ అని ఇద్దరు, 2018లో రాశారు. ఈ హంగర్ గేమ్స్ లాంటివి చూపించిన తర్వాత, అన్యాయం అనుకున్నప్పుడు హింసకు దిగినా సబబే అనేవాళ్ళు పెరిగారంట. అమెరికాలోనే పెరిగితే మాచర్లలో తగ్గుతారా?

మేనకోడలు: ఆ పరిశోధన నేనూ చదివాను. చూపించి అడిగారు, అంతే. చూసింది కూర్చుని మాట్లాడుకున్నాక ఏమనుకున్నారో అందులో లేదు.

మేనమామ: ఇంకోటి. బరిలో ఉండేది ఇరవై నలుగురే. బరి చుట్టూ కూర్చుని చూసేవాళ్ళు లక్షల్లో. మనలో ఎక్కువమందిమి చూసేవాళ్ళమే. సంక్రాంతికి కోడిపందేల బరి చుట్టూ చూడు, కత్తి కట్టేవాడు ఒకడు, చూసేవాళ్ళు వెయ్యిమంది. వాళ్ళు లేకపోతే పందెమే లేదు. చదివే పిల్లకు నువ్వు ఆ వెయ్యిమందిలో ఒకతెవని చెప్పే కథ ఏది? చెప్పు, ఇప్పుడే సంతకం పెడతా.

మేనకోడలు: నా కొడుకు ఉత్సాహం మీకు నచ్చలేదన్నారు. పప్పు చల్లారినా తెలియనంత ఉత్సాహం. తర్వాత ఎవరు చస్తారా అని పేజీ తిప్పే ప్రతి చదువరీ, ఆ ఆటలు నడిపే కాపిటల్ నగరంలో టీవీ ముందు కూర్చున్నవాడే. కాలిన్స్ ఆ ఉచ్చు కావాలనే పన్నింది. రూ చనిపోయిన చోట చప్పున కాలు పట్టేస్తుంది. వాడు ఆగాడు చూశారా, అక్కడే. ఇంక పక్కింటోడి సంగతి. మూడో భాగం, మాకింగ్‌జే, 2010లో వచ్చింది. అందులో తిరుగుబాటు గెలుస్తుంది. తిరుగుబాటు నాయకురాలి పేరు కాయిన్. గెలిచాక ఏం ప్రతిపాదన పెట్టిందో తెలుసా? ఇన్నాళ్ళూ మన పిల్లల్ని చంపారు కదా, ఆఖరిసారి కాపిటల్ వాళ్ళ పిల్లలతో ఇవే ఆటలు ఆడిద్దాం అంది.

మేనమామ: అంటే పగకు పగ.

మేనకోడలు: కాట్నిస్ ఎవరి కోసం బరిలోకి దూకిందో ఆ చెల్లెలు ప్రిమ్ అప్పటికే బాంబుల్లో పోయింది. ఆ బాంబులు కూడా తమవాళ్ళు వేసినవేనేమో అన్న అనుమానం కాట్నిస్‌ను తొలిచేస్తుంటుంది. ఓడిన నియంత స్నోను చంపమని విల్లు చేతికిస్తారు. ఆ బాణం కాయిన్ గుండెల్లోకి వదులుతుంది. తన పార్టీ నాయకురాలి గుండెల్లోకి.

మేనమామ: అక్కడా బాణమే గదా.

మేనకోడలు: బాణమే, నేను దాన్ని వెనకేసుకు రావట్లా. దాని తర్వాత ఆవిడ హాయిగా బతికిందనీ లేదు. పీడకలలతో లేస్తూనే ఉంటుంది. కానీ ‘మావాళ్ళు చేస్తే తప్పెట్లా అవుతుంది’ అనే మాటకు ఇంతకంటే గట్టి సమాధానం పిల్లల కోసం రాసిన కథల్లో నేను చూడలేదు. మన జిల్లాకు ఇదే కావాలి.

మేనమామ: ఊఁ.

మేనకోడలు: ఇప్పుడు నన్నొకటి అడగనివ్వండి. పల్నాటి యుద్ధంలో బాలచంద్రుడి కథ మీరు ముప్పై ఏళ్ళు చెప్పారు. పెద్దలు కోడిపందెం కట్టి రాజ్యం ఒడ్డారు. ఓడి ఏడేళ్ళు వలసపోయారు. రాజ్యం అడగడానికి రాయబారం వెళ్ళిన అలరాజు తిరిగి రాలేదు. చివరికి కారంపూడిలో చచ్చింది మీసం కూడా సరిగ్గా రాని పిల్లాడు. పెద్దల పందేనికి పిల్లల ప్రాణాలు. దీనికీ హంగర్ గేమ్స్‌కీ తేడా ఏంటి?

మేనమామ: వాళ్ళను లాటరీలో లాక్కుపోయారు. బాలచంద్రుడు తానే వెళ్ళాడు.

మేనకోడలు: కాట్నిస్ కూడా చెల్లెలి బదులు తానే వెళ్ళింది. వెళ్ళక తప్పని చోటికి పిల్లను తెచ్చి నిలబెట్టి, తానే వెళ్ళిందని పొగడటం ఎవరికి లాభం మావయ్యా? ఆ పొగడ్త వినే గదా ఇవాళ్టి కుర్రాళ్ళు బాలచంద్రుడి పేరు చెప్పుకుని కర్ర తీస్తున్నది?

మేనమామ: నోరు జారకు. ఆ కథ పొగడ్త కాదు, దుఃఖం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు వెతికి అచ్చు వేయించేదాకా ఆ కథ పాడే వీరవిద్యావంతులు గొంతులో మోశారు దాన్ని. కార్తీక అమావాస్యకు కారంపూడిలో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు ఏటా చేస్తున్నారంటే ఊరికే చేస్తున్నారా? ఒకటి చెప్పు. బాలచంద్రుడి తండ్రి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. మాలవాడు, బ్రాహ్మడు, వెలమ ఒకే చాప మీద కూర్చుని తిన్నారు, ఎప్పుడో పన్నెండో శతాబ్దంలో. చావబోయే ముందు కలిసి తిన్న అన్నం అది. మందపోరు నాడు ఇప్పటికీ ఆ కూడే తింటారు. నీ కొత్త నవలల్లో అంత ఆశ ఏదైనా ఉందా?

మేనకోడలు: లేదు. చాపకూడు లాంటిది వాటిలో లేదు. ఒప్పుకుంటాను.

మేనమామ: అసలు ఘట్టం నువ్వు మర్చేపోయావు. బొంగరాలాట. యుద్ధానికి అందరూ తరలిపోయారు, బాలచంద్రుడు బొంగరం తిప్పుకుంటున్నాడు. తల్లి ఐతాంబకు బిడ్డను పోరుకు దూరంగా ఉంచుకోవాలని. ఆ బొంగరం ఎగిరి ఒక కోమటి పిల్ల కాలికి తగిలింది. నెత్తురు కారుతున్న కాలుతో ఆ పిల్ల అడిగింది. మీవాళ్ళంతా రణభూమిలో ఉంటే నీకు ఆటలా అని. అంతే, బొంగరం కింద పడేశాడు.

మేనకోడలు: ఇంతసేపూ నేను అడుగుతున్నది ఆ ఘట్టమే! ఇంట్లో అందరూ ఆటలో ఉంచారు. నిజం చెప్పింది వీధిలో దెబ్బతిన్న పిల్ల. అట్లా తెలిసింది కాబట్టి సిగ్గుగా తెలిసింది, దెప్పిపొడుపుగా తెలిసింది. ఇంక ఆలోచన ఎక్కడిది? నేరుగా కత్తి దగ్గరికి. ఇంట్లోనే, తీరిగ్గా, కథగా ముందే చెప్పి ఉంటే ఒక ప్రశ్న వేసేవాడు కాదా? ఈ పందేనికి ఎవరు ఒప్పుకున్నారు, నన్నడిగారా అని?

మేనమామ: ముందే చెప్పినా వెళ్ళేవాడు.

మేనకోడలు: వెళ్ళేవాడేమో. అడిగి వెళ్ళేవాడు. మన పిల్లలకు కూడా పగలూ కక్షలూ వీధిలోనే తెలుస్తున్నాయి మావయ్యా, వాట్సాప్ వీడియోల్లో, ఎన్నికల రాత్రుల్లో, ఎవడో రెచ్చగొడితే. అంతకంటే ముందు బడిలో తెలియాలంటున్నాను.

మేనమామ: అది బాగుంది. అంత బాగుంది కాబట్టే షరతులు పెడతా. ఒకటి, మొదటి భాగం విడిగా ఎవరికీ ఇవ్వొద్దు. సగం చదివినవాడు బాణం నేర్చుకుంటాడు, కాయిన్ దాకా రాడు. మూడూ కలిపే ఇవ్వాలి. రెండు, అదే అరలో పల్నాటి వీరచరిత్ర వచనం పెట్టు. నువ్వు కాట్నిస్ గురించి అడిగే ప్రశ్నలన్నీ బాలచంద్రుడి గురించి కూడా అడుగు. నేనొచ్చి జవాబు చెబుతా.

మేనకోడలు: వస్తారా నిజంగా?

మేనమామ: వస్తా. మూడోది ముఖ్యం. ఈ లావుపాటి ఇంగ్లీషు చదివేవాళ్ళు మన బడిలో ఐదారుగురు ఉంటారేమో. మిగతావాళ్ళు మళ్ళీ సినిమాకే పోతారు. కాబట్టి వారానికొక పూట తెలుగులో చెప్పాలి నువ్వు. చెప్పేటప్పుడు కాయిన్ సంగతి మొదటి రోజే చెప్పెయ్. గెలిచినవాళ్ళు ఏం చేయబోయారో తెలిసి ఉంటే, మొదటి బాణం దగ్గర ఎవడూ ఈల వేయడు.

మేనకోడలు: ఆఖరు ముందే చెబితే ఎవరు వింటారు?

మేనమామ: భారతంలో ఎవరు చస్తారో తెలియనివాడెవడే? అయినా తెల్లారేదాకా కూర్చుని వినలా మనం?

మేనకోడలు: విన్నాం, అందుకే వంతుల వరస ఎవరు రాశారని ఎప్పుడూ అడగలేదు. భీముడొస్తాడని ముందే తెలుసుగా. కాయిన్ నోటి నుంచి ఆ మాట వినేదాకా పిల్లలు ఆవిణ్ణి నమ్మాలి మావయ్యా. నమ్మి, ఉలిక్కిపడాలి. ఆ ఉలికిపాటు నేను ముందే చెప్పేస్తే పాఠం మిగులుతుంది, కథ పోతుంది.

మేనమామ: ఈలోపు ఈల వేస్తే?

మేనకోడలు: వేయనివ్వండి. మూడో భాగం దగ్గర ఆ ఈల వాళ్ళకే గుర్తు చేస్తాను.

మేనమామ: ఈ ఒక్కటి నాకింకా మింగుడు పడలా. సరే, హంగర్ గేమ్స్ పక్కన ‘మూడూ కలిపి’ అని రాసి టిక్కు పెడుతున్నా. గివర్ మాత్రం నేను చదివాకే చెబుతా.

మేనకోడలు: అది ఇంగ్లీషులో ఉంది.

మేనమామ: నువ్వున్నావుగా. రోజూ సాయంత్రం వచ్చి రెండు అధ్యాయాలు తెలుగులో చెప్పు.

మేనకోడలు: అయితే జోనస్ చివరికి ఏమవుతాడో ఇప్పుడే చెప్పెయ్యనా?

మేనమామ: వద్దు, వద్దు. నాకు మాత్రం వరసలోనే చెప్పు.